వేషం మార్చే క్రిమి



కోనసీమ చేలల్లో ఊద గడ్డి వరిలాగే ఉంటుంది. కలుపు తీసేవాళ్ల కళ్లు కప్పుతుంది. హెచ్.ఐ.వి. క్రిమి కూడా అంతే.

ఒంట్లో కాపలా కణాలుంటాయి. అవి క్రిమి దాగిన చోటును పసిగట్టి చంపుతాయి. క్రిమి పెరిగేటప్పుడు దాని రూపం మారుతూ ఉంటుంది. అలా మారినవాటిలో కొన్ని కాపలాకు చిక్కవు.

కానీ వేషం ఊరికే రాదు. కొన్ని మార్పులతో క్రిమి నీరసిస్తుంది, పెరగడం తగ్గుతుంది. అయినా నమ్మకూడదు! ఇంకో మార్పు వస్తే మళ్లీ బలం పుంజుకోగలదు.

మందు క్రిమిని పెరగనివ్వదు. పెరగకపోతే మారదు. ఒంట్లో బాగుందని మధ్యలో మానేస్తే, మందుకు లొంగని క్రిమి తయారు కావచ్చు.

2004 నుంచి ప్రభుత్వం ఈ మందులు ఉచితంగా ఇస్తోంది. కాకినాడ పెద్దాసుపత్రిలో దొరుకుతాయి.

సిగ్గు పడకండి. రోజూ వేళకు మందు వేసుకోండి.