దంతవైద్యునికి దేహమంతయు పాఠమే

(పూర్వవిద్యార్థుల సమావేశమున ప్రధానోపాధ్యాయుల ఉపన్యాసము)



మన పాఠశాలలో తెలుగున చదివి, దంతవైద్య పట్టము సాధించి, ఇప్పుడు పై చదువునకై ప్రవేశపరీక్షకు కూర్చుండబోవు పూర్వవిద్యార్థులు కొందరు ఈ సభలో నున్నారు. “పండ్లు బాగుచేయు మాకు గుండెతోను రక్తముతోను ఏమి పని? మార్కులకై వల్లించిన చాలదా?” అని వారు మమ్మడిగిరి. మేము వైద్యులము కాము, పాఠము చెప్పువారము. ప్రశ్న చదువును గూర్చినది కనుక, వారి పుస్తకములను వారితో కలిసి తిరుగవేసి, మాకు తోచిన సమాధానమును విన్నవించుచున్నాము.

సామాన్య వైద్యశాస్త్రము దంతవైద్య విద్యార్థికి మూడవ సంవత్సరపు పాఠ్యాంశము. పంటి నొప్పితో వచ్చినవాడు పంటిని మాత్రమే తీసికొని రాడు. దేహమంతటితో వచ్చి మీ కుర్చీలో కూర్చుండును.

క్రింది దవడలో నొప్పి యని వచ్చినవానికి పంటిలో దోషమే లేకపోవచ్చును. గుండెకు రక్తము చాలనప్పుడు పుట్టు నొప్పి కొందరికి దవడలో తెలియును. నడచినప్పుడు హెచ్చి, నిలిచినప్పుడు తగ్గు నొప్పిని చూచి గుండెను అనుమానింపవలయును. ఈ సంగతి యెరుగనివాడు మంచి పన్ను నూడబెరికి రోగిని ప్రమాదమునకు వదలును.

ఎనిమిదవ కారకము లోపించినది హీమోఫీలియా ‘ఏ’, తొమ్మిదవది లోపించినది ‘బీ’. ఈ అంకెలను వల్లించుట సులభము. అట్టి రోగికి ముందు జాగ్రత్తలు లేక క్రింది దవడ నరమునకు మత్తుసూది వేసినచో, లోపల రక్తము కారి, గొంతువైపు వ్యాపించి, ఊపిరికి అడ్డు రావచ్చును. అది తెలిసినవానికే ఆ అంకెల అర్థము తెలిసినట్లు.

మధుమేహరోగి ఇన్సులిన్ వేసికొని, పన్ను తీయించుకొనుటకు పరగడుపున వచ్చును. కుర్చీలో చెమటలు పట్టును, చేతులు వణకును, మాట తడబడును. రక్తములో చక్కెర డెసిలీటరునకు 70 మిల్లీగ్రాములకంటె తగ్గినదని అనుమానింపుడు. స్పృహ యున్నచో వెంటనే 15 గ్రాముల గ్లూకోజు నీటిలో కలిపి యీయవలయును. స్పృహ లేనివాని నోట ఏమియు పోయరాదు.

మూర్ఛకు ఫెనిటాయిన్, రక్తపుపోటునకు నిఫెడిపిన్, మూత్రపిండము మార్చుకొన్నవారికి సైక్లోస్పోరిన్: ఈ మూడును చిగుళ్లను ఉబ్బింపగలవు. వేర్వేరు పుటలలోని సంగతులను ఇట్లు ఒక్క చిగురు కడకు చేర్చుకొన్నచో మరువరు.

పుస్తకము ఏ సంవత్సరమున అచ్చయినదో కూడ చూడుడు. కృత్రిమ హృదయకవాటము గల పెద్దలకు పన్ను తీయుటకు 30 మొదలు 60 నిమిషములకు ముందు 2 గ్రాముల అమోక్సిసిలిన్ ఇత్తురు. పెన్సిలిన్ సరిపడనివారికి క్లిండామైసిన్ అని పాత పుస్తకములు చెప్పును. అమెరికా హృదయ సంఘము 2021లో దానిని తన సిఫారసులనుండి తొలగించినది. నిన్నటి సరియైన జవాబు నేడు తప్పు కావచ్చును.

తెలుగున చదివినవారు ఇట్టి పరీక్షలలో వెనుకబడుదురని తలచి పిల్లలను మన బడి మాన్పించు తలిదండ్రులు కలరు. వారికి మీరే సమాధానము. మందుల పేర్లను ఇంగ్లీషుననే నేర్వుడు. కారణములను మాత్రము తెలుగున ఒకరికొకరు చెప్పుకొనుడు. ఇంటిలోని అమ్మమ్మకు చెప్పలేని కారణము మీకును అర్థము కానట్లే. రేపు మీ కడకు వచ్చు ముసలమ్మ వార్ఫరిన్ అనదు. “రక్తము పలుచన చేయు బిళ్ళ” అని తెలుగున గాని తమిళమున గాని చెప్పును. ఆ మాట విని గుర్తింపవలసినవారు మీరు. బిళ్ళ మానుమని మీరే చెప్పక, రక్తపరీక్ష చేయించి, ఆమె వైద్యుని సంప్రదింపుడు.

మీరందరును విజయము పొంది, వచ్చు సంవత్సరము ఇదే వేదికనుండి చిన్న తరగతులవారికి ఈ పాఠములను తెలుగున చెప్పవలెనని కోరుచు విరమించుచున్నాము.