అభయంలోనే శాంతి

బృహదారణ్యకోపనిషత్తు మొదటి అధ్యాయంలోని సృష్టికథలో ఇతర ప్రాణులు పుట్టకముందే పుట్టింది భయం. ఆదిలో ఒక్కడే ఉన్న పురుషుడు చుట్టూ చూశాడు, తాను తప్ప మరేదీ కనిపించలేదు. వెంటనే భయపడ్డాడు. ఆ తరువాత ఆలోచించాడు: తాను కాక రెండోది లేనప్పుడు దేన్ని చూసి భయపడాలి? ఆలోచన రాగానే భయం పోయింది. రెండోది ఉందనుకున్నప్పుడే భయం కలుగుతుందని ఉపనిషత్తు అక్కడే తేల్చి చెబుతుంది. హిందూ దర్శనాలలో శాంతిని గురించిన చర్చ అంతా ఏదో ఒక రూపంలో ఈ ఘట్టానికి వ్యాఖ్యానమే. మనిషి లోపలి అశాంతికీ లోకంలోని అశాంతికీ మూలం ఒకటేననీ, ఆ మూలం భయమనీ ఈ సంప్రదాయం నమ్ముతుంది.

తైత్తిరీయోపనిషత్తు ఇదే మాటను మరింత కఠినంగా చెప్పింది. పరతత్త్వానికీ తనకూ నడుమ ఇసుమంత ఎడం పెట్టుకున్నా మనిషికి భయం తప్పదంటుంది. ఈశావాస్యంలో ఇది తోటి ప్రాణుల దాకా వస్తుంది. అన్ని ప్రాణులనూ తనలో, తనను అన్ని ప్రాణులలో చూసేవాడికి ఎవరి మీదా ఏవగింపు కలగదు, శోకమూ మోహమూ వాడిని అంటవు. బృహదారణ్యకంలోనే యాజ్ఞవల్క్యుడు జనకుడికి ఆత్మతత్త్వం బోధించి, చివరికి నీవు అభయాన్ని పొందావని చెబుతాడు. ఆ మాట విన్నవాడు అడవిలో తపస్సు చేసుకునే ముని కాడు, రాజ్యం ఏలుతున్న రాజు. ఈ సంగతిని వ్యాఖ్యాతలు ఎంత పట్టించుకున్నా తక్కువే. భయం పోయినవాడు పాలిస్తే ఎలా ఉంటుందన్న ప్రశ్న అప్పుడే పుట్టింది.

కోరిక కోపంగా, కోపం వినాశంగా ఎలా మారుతుందో భగవద్గీత రెండో అధ్యాయం వివరించింది. విషయాలను తలపోస్తూ ఉంటే వాటిపై తగులం పుడుతుంది. తగులం కోరికవుతుంది, కోరికకు అడ్డు తగిలితే కోపం వస్తుంది. కోపం వివేకాన్ని కప్పేస్తుంది. అప్పుడు నేర్చినది గుర్తుకు రాదు, బుద్ధి చెడుతుంది, మనిషి చెడతాడు. ఈ వరుసను దేశాలకు అన్వయించినా తప్పు కాదు. పొరుగుదేశపు నేలనో నీటినో చమురునో తలపోయడంతో మొదలై, యుద్ధం ముగిశాక ఎందుకు మొదలైందో ఎవరికీ గుర్తులేని స్థితితో ముగిసిన కథలు చరిత్రలో కావలసినన్ని ఉన్నాయి. ఆ అధ్యాయం చివరలోని స్థితప్రజ్ఞ లక్షణాల శ్లోకాలు 19. గాంధీజీ ఆశ్రమంలో సాయంప్రార్థనలో వాటిని నిత్యం చదివేవారు. 

గీత పన్నెండో అధ్యాయం భక్తుడికి పెట్టిన ఒక షరతు ఈ చర్చకు కీలకం. వాడిని చూసి లోకం బెదరకూడదు, లోకాన్ని చూసి వాడు బెదరకూడదు. భయం ఇరువైపులా పోతేనే శాంతి. తాను నిశ్చింతగా ఉంటూ ఇతరులను వణికించేవాడికి ఉన్నది శాంతి కాదు, బలం మాత్రమే. సన్యాసం స్వీకరించేవాడు సకల ప్రాణులకూ తన వల్ల భయం లేదని ప్రకటించే ఆచారం ఈ ఆలోచన నుంచే వచ్చింది. ఇల్లూ వాకిలీ విడవడం కంటే ఆ ప్రకటనే సన్యాసానికి అసలు ప్రాణం.

పతంజలి యోగసూత్రాలు ఈ సూత్రాన్ని సాధనగా మార్చాయి. యమాలలో మొదటిది అహింస. హింసను పతంజలి వర్గీకరించిన తీరు ఆశ్చర్యం కలిగిస్తుంది. స్వయంగా చేసినది, ఇతరులచేత చేయించినది, ఎవరో చేస్తుంటే ఒప్పుకున్నది అని హింస మూడు రకాలు. ప్రతి రకమూ లోభం వల్ల, కోపం వల్ల, మోహం వల్ల పుట్టవచ్చు. అది మళ్ళీ మెత్తనిది, నడిమిది, తీవ్రమైనది కావచ్చు. అలా 27 అయ్యాయి. వ్యాసభాష్యం తీవ్రతను మరింత సూక్ష్మంగా విడగొట్టి ఆ లెక్కను 81కి చేర్చింది. ఇందులో అన్నిటికంటే ఎక్కువమందికి వర్తించేది మూడోది, ఒప్పుకోలు. చేతికి కత్తి పట్టని పౌరుడు, గొంతెత్తి ఎవరినీ తిట్టని గృహస్థు, పరాయి ఊరి మీద పడిన బాంబును వార్తల్లో చూసి లోలోపల సంతోషించినప్పుడు హింసలో భాగస్వామి అవుతాడు. అంతర్జాతీయ శాంతిని దౌత్యవేత్తల పనిగా వదిలేయడానికి యోగశాస్త్రం ఒప్పుకోదు. యమాలు జాతికీ దేశానికీ కాలానికీ సందర్భానికీ కట్టుబడకుండా పాటించినప్పుడే మహావ్రతమవుతాయని పతంజలి స్పష్టంగా చెప్పాడు. మనవాళ్ళ విషయంలో ఒక నీతి, పరాయివాళ్ళ విషయంలో మరొక నీతి పనికిరాదని దాని తాత్పర్యం.

మనసును కుదుటపరచడానికి ఆయన చెప్పిన భావనలు కూడా తోటి మనుషులతో ముడిపడినవే. సుఖంగా ఉన్నవారి పట్ల మైత్రి, దుఃఖంలో ఉన్నవారి పట్ల కరుణ, మంచి చేసేవారిని చూసి సంతోషం, చెడు చేసేవారి పట్ల ఉపేక్ష. బౌద్ధులూ ఈ నాలుగింటిని బ్రహ్మవిహారాలుగా సాధన చేశారు. చిత్తప్రసాదం కోరేవాడు ఒంటరిగా కూర్చుని ఊపిరి లెక్కపెడితే సరిపోతుందని పతంజలి అనలేదు. పొరుగువాడి సుఖం చూసి కడుపు మండేవాడికి ఏ ప్రాణాయామమూ మందు కాదు.

ఇక్కడ మహాభారతం ఉద్యోగపర్వంలోని ఒక రాత్రిని గుర్తుచేసుకోవాలి. సంజయుడు పాండవుల దగ్గరి నుంచి తిరిగివచ్చి, ధృతరాష్ట్రుడిని నిందించి, వారి సందేశం మరునాడు సభలో చెబుతానని వెళ్ళిపోతాడు. రాజుకు నిద్ర పట్టదు. విదురుణ్ణి పిలిపించి, మనసు మండిపోతోంది, ఊరట కలిగేది చెప్పమంటాడు. ఎవరెవరికి నిద్ర పట్టదో చెప్పడంతోనే విదురుడు మొదలుపెడతాడు. బలవంతుడితో పగ పెట్టుకున్నవాడికి, సొమ్ము పోగొట్టుకున్నవాడికి, కాముకుడికి, దొంగకు నిద్ర ఉండదంటూ, ఈ దోషాలలో ఏదీ మిమ్మల్ని అంటలేదు కదా అని అడుగుతాడు. అన్నగారి అనిద్రకు కారణం తమ్ముడికి తెలుసు. పరుల సొమ్ము మీద ఆశే ఆ జబ్బు. తెల్లవార్లూ నీతి సాగుతుంది, ఆపైన సనత్సుజాతుడు వచ్చి మృత్యువును గురించి, ఆత్మను గురించి బోధిస్తాడు. భారతీయ సాహిత్యంలో ఒక్క రాత్రిలో ఒక్క శ్రోతకు దక్కిన ఇంత గొప్ప ఉపదేశం అరుదు. ఫలితం మాత్రం శూన్యం. విదురుడి మాటలన్నీ విన్నాక ధృతరాష్ట్రుడే ఒప్పుకుంటాడు: నీ మాట వింటున్నప్పుడు నా బుద్ధి పాండవుల వైపే మొగ్గుతుంది, దుర్యోధనుణ్ణి చూడగానే మళ్ళీ తిరిగిపోతుంది.

ధృతరాష్ట్రుడికి కావలసింది నిద్ర. రాజ్యంలో సగం ఇవ్వడం అతడికి అక్కరలేదు. అశాంతికి కారణమైన అన్యాయాన్ని అలాగే ఉంచుకుని అశాంతి ఒక్కటే పోవాలని కోరాడు. ఈ రోజుల్లో ఆధ్యాత్మికత పేరిట అమ్ముడుపోయే దానిలో చాలా భాగం ధృతరాష్ట్రుడి కోరికను తీర్చే ప్రయత్నమే. 2014 డిసెంబరు 11న ఐక్యరాజ్యసమితి జూన్ 21ని అంతర్జాతీయ యోగ దినంగా ప్రకటించింది, ఆసనాలూ ధ్యానమూ ప్రపంచమంతా వ్యాపించాయి. అది సంతోషించవలసిన విషయం. అయితే పతంజలి మెట్లలో ఆసనం మూడోది. అహింస, సత్యం, పరుల సొమ్ము ఆశించకపోవడం మొదటి మెట్టులోనివి. ఆ మెట్టు ఎక్కకుండా మూడో మెట్టు మీద నిలబడ్డవాడికి దొరికేది విశ్రాంతి. దానిని శాంతి అనుకోవడం ప్రమాదం.

యుద్ధం చేయమని చెప్పిన గ్రంథం శాంతికి ప్రమాణమెలా అవుతుందన్న ఆక్షేపణ పాతది, న్యాయమైనది కూడా. శంకరులు గీతాభాష్యం రెండో అధ్యాయంలోనే దీనికి ఒక సమాధానం సూచించారు. యుద్ధం చేయమన్న మాట అక్కడ విధి కాదని, అప్పటికే యుద్ధానికి దిగి శోకమోహాల వల్ల ఆగిపోయినవాడికి అడ్డు తొలగించడమేనని ఆయన వాదం. గాంధీజీ మరో దారి పట్టారు. ఆయన గీతకు గుజరాతీలో చేసిన అనువాదం ‘అనాసక్తియోగం’ 1930 మార్చి 12న, దండి యాత్ర మొదలైన రోజున వెలువడింది. కురుక్షేత్రం మనిషి హృదయంలోనే ఉందని, ఫలాపేక్ష వదిలినవాడు హింస చేయలేడని ఆయన నమ్మకం. తిలక్ మండలే జైలులో రాసిన ‘గీతారహస్యం’లో కర్మయోగానికి పెద్దపీట వేశారు, గాంధీజీ అన్వయాన్ని తిలక్ మార్గీయులు అంగీకరించలేదు. ఈ ముగ్గురిలో ఎవరి అర్థం మూలానికి దగ్గరన్నది పండితుల చర్చకు వదిలినా, ద్వేషంతో చేసిన పనిని గీత ఎక్కడా మెచ్చుకోలేదన్న విషయంలో వారికి భేదం లేదు.

ఈ ఆక్షేపణకు అసలైన సమాధానం గీతలో కంటే భారతం మొత్తంలో ఉంది. గెలిచిన ధర్మరాజుకు సంతోషం లేదు. కర్ణుడు అన్న అని తెలిశాక రాజ్యం వద్దు, అడవికి పోతానంటాడు. అక్కడ మొదలయ్యేదే శాంతిపర్వం, పదునెనిమిది పర్వాలలో అతి పెద్దది. అంపశయ్య మీద ఉన్న భీష్ముడు రాజధర్మం, ఆపద్ధర్మం, మోక్షధర్మం చెబుతాడు. పన్ను ఎంత వేయాలి, ప్రజలకు దొంగల భయం ఎలా పోగొట్టాలి అన్న ప్రశ్నలూ, ఆత్మ ఏమిటి అన్న ప్రశ్నా ఒకే పర్వంలో ఉన్నాయి. దానికి శాంతి అని పేరు పెట్టినవారు రాజ్యపు శాంతిని, మనసు శాంతిని వేరు చేసి చూడలేదు.

సాహిత్యానికి ఈ విషయంతో ఉన్న సంబంధం కూడా ఇక్కడే ఉంది. తొమ్మిదో శతాబ్దపు కాశ్మీర ఆలంకారికుడు ఆనందవర్ధనుడు ‘ధ్వన్యాలోకం’ నాలుగో ఉద్యోతంలో మహాభారతంలో ప్రధానరసం వీరం కాదు, శాంతమని తీర్పు చెప్పాడు. వృష్ణులూ పాండవులూ చివరికి ఎలా ముగిశారో చూపి వైరాగ్యం కలిగించడమే వ్యాసుడి ఉద్దేశమన్నాడు. అభినవగుప్తుడు శాంతానికి ఆత్మజ్ఞానమే స్థాయి అని నిరూపించి దాన్ని మిగతా ఎనిమిది రసాలకూ ఆధారంగా నిలిపాడు. తెలుగులో శాంతిపర్వాన్ని ఆరు ఆశ్వాసాలలో చెప్పినవాడు తిక్కన. నెల్లూరు మనుమసిద్ధి కొలువులో మంత్రి అయిన ఆయన యుద్ధాన్ని పుస్తకాలలో మాత్రమే చూసినవాడు కాడు. రాజు రాజ్యం పోగొట్టుకున్నప్పుడు తిక్కన ఓరుగల్లుకు వెళ్ళి కాకతి గణపతిదేవుడి సాయం తెచ్చాడని ‘సిద్ధేశ్వర చరిత్ర’ చెబుతుంది. శైవ వైష్ణవ వైరాలు ముదిరిన కాలంలో ఆయన తన పదిహేను పర్వాలనూ హరిహరనాథుడికి అంకితం చేశాడు. తెలుగు నేల మీద అద్వైతబుద్ధి ఒక సామాజిక గాయానికి కట్టిన కట్టు అది.

అయినా ఈ తత్త్వం తన సొంత ఇంట్లో ఎంత అభయం ఇచ్చిందన్నది తప్పించుకోలేని ప్రశ్న. సర్వభూతాలలో ఒకే ఆత్మ అని వల్లించినవారే తోటి మనిషి నీడను చూసి తప్పుకున్నారు. బ్రహ్మవాదం కంటే ప్రజాస్వామ్యానికి గట్టి పునాది మరొకటి ఉండదని, అలాంటి సిద్ధాంతం నుంచి సమసమాజం ఎందుకు పుట్టలేదని అంబేడ్కర్ అడిగారు. ఆ ప్రశ్నకు పండితుల నుంచి సరైన జవాబు రాలేదు. ఆచరణలో జవాబిచ్చినవారిలో కేరళ సంఘసంస్కర్త నారాయణ గురు ముఖ్యులు. పూజారి హక్కు లేదన్న కులంలో పుట్టిన ఆయన 1888లో అరువిప్పురంలో శివలింగాన్ని ప్రతిష్ఠించారు. కులభేదం, మతద్వేషం లేకుండా అందరూ సోదరులుగా బతికే చోటుగా అరువిప్పురాన్ని ప్రకటించారు. 1913లో ఆలువాలో అద్వైతాశ్రమం నెలకొల్పి, 1924లో అక్కడే సర్వమత సమ్మేళనం జరిపారు. వాదించి గెలవడానికి కాక, తెలుసుకుని తెలియజెప్పడానికి ఆ సభ అని ముందే చెప్పారు. ఆయన చేతిలో అద్వైతం గుడి తలుపులు తెరిచే తాళంచెవి అయింది.

తెలంగాణలో ఇదే పరీక్ష భూమి రూపంలో ఎదురైంది. సాయుధ పోరాటం ఇంకా ఆగని రోజుల్లో, 1951 ఏప్రిల్‌లో, శివరాంపల్లి సర్వోదయ సమ్మేళనానికి వచ్చిన వినోబా భావే అక్కడి నుంచి నల్లగొండ పల్లెల్లోకి కాలినడకన వెళ్ళారు. ఆయన చేతిలో ఆయుధం లేదు, పక్కన పోలీసు బలగం లేదు. ఏప్రిల్ 18న పోచంపల్లిలో 40 దళిత కుటుంబాలు 80 ఎకరాలు కావాలన్నప్పుడు, వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానని లేచారు. భూదానోద్యమం అక్కడ పుట్టింది. వినోబా దానాన్ని జాలిగా చూడలేదు. ఉన్నదాన్ని సక్రమంగా పంచుకోవడమే దానమన్న శంకరుల వివరణను ఆయన ఊరూరా చెప్పారు. దొరకు రైతంటే భయం, రైతుకు దొరంటే భయం, ఇద్దరికీ తుపాకీ అంటే భయం ఉన్న చోట, ఈ మూడు భయాలూ తగ్గే దారి ఒకటి ఉందని ఆ సాయంత్రం తెలిసింది.

ఆ దారి పూర్తిగా నడిచినది కాదు. దేశమంతటా దానంగా వచ్చిన భూమిలో సాగుకు పనికిరానిది, తగాదాల్లో ఉన్నది, పంపిణీ కాకుండా మిగిలినది చాలా ఉంది. దాతల వారసులు తిరిగి ఆక్రమించుకున్న సందర్భాలూ ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో 1965లో భూదాన గ్రామదాన చట్టం వచ్చాక కూడా ఆ భూముల వివాదాలు న్యాయస్థానాలను వదలలేదు. ఒక రోజు కలిగిన హృదయపరివర్తనను పట్టాగా, హద్దురాయిగా, నీటివసతిగా మార్చే పని భక్తి వల్ల కాదు, ఓపికగల పాలన వల్లనే అవుతుంది. భీష్ముడు మోక్షధర్మానికి ముందు రాజధర్మం చెప్పడంలోని ఔచిత్యం పోచంపల్లి తరువాతి చరిత్ర చదివితే మరింత బాగా బోధపడుతుంది. 1957లో వినోబా శాంతిసేనను ఏర్పరచినప్పుడు దాని సభ్యులు అల్లర్ల చోటికి నిరాయుధంగా వెళ్ళడమే కాక, అల్లర్లు లేని రోజుల్లో ఆ పేటల్లోనే సేవచేస్తూ అందరికీ తెలిసినవారై ఉండాలని నియమం పెట్టారు. ముందే పరిచయమైన ముఖాన్ని చూసి ఎవరూ బెదరరు కనుక ఆ నియమం.