విశ్రాంతి కూడా ఒక అలవాటే



ఈ రోజు మనం విశ్రాంతిని గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం. విశ్రాంతిని గురించి చెప్పడానికి ఏముంది, అలసిపోతే పడుకుంటాం, తెల్లవారితే లేస్తాం, అంతే కదా అని మీకు అనిపించవచ్చు. కాని కొంచెం ఆలోచించి చూడండి. పని ఎట్లా చెయ్యాలో మనకు నేర్పినవాళ్ళు చాలామంది ఉన్నారు. తండ్రి నేర్పాడు, అయ్యవారు నేర్పాడు, మేస్త్రీ నేర్పాడు. పని ఎప్పుడు ఆపాలో, ఆపి ఏం చెయ్యాలో నేర్పినవాళ్ళు ఎంతమంది?

మన ఇళ్ళల్లో రెండు సామెతలు వింటూ ఉంటాం. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయని ఒకటి. పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్ళు తాగడం మేలని ఇంకొకటి. ఒకటి కూర్చోవద్దంటుంది, రెండోది పరుగెత్తవద్దంటుంది. ఈ రెండూ ఒకే అవ్వ నోటి నుంచి వస్తాయి. ఆ అవ్వ మాట మార్చిందా? లేదు. మనిషిని బట్టి, సందర్భాన్ని బట్టి చెప్పింది. సోమరిగా ఉన్న మనవడికి మొదటిది, ఆత్రపడే మనవడికి రెండోది. ఈ రెంటికీ మధ్య ఉన్న దారి ఏమిటన్నదే ఈనాటి మన విషయం.

ఈ దారిని మన నల్లరేగడి నేల ఎప్పుడో చూపించింది. బళ్ళారి చుట్టుపక్కల, ఆలూరు, ఆదోని వైపు, వానను నమ్ముకున్న రేగడి చేలను మన పెద్దలు ముంగారు వానలకు విత్తేవాళ్ళు కాదు. ఆ వానలన్నీ నేలను తాగనిచ్చి, సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో జొన్న, పప్పుశనగ వేసేవాళ్ళు. ఏడాదికి ఇంచుమించు ఇరవై అంగుళాల వాన మాత్రమే పడే సీమ ఇది. ఆ కొద్ది నీటిని కడుపులో దాచుకోవడానికి నేలకు ఆ మూడు, నాలుగు నెలల విరామం కావాలి. దారిన పోయేవాడికి ఆ చేను ఖాళీగా కనిపిస్తుంది. కాని ఆ నేల లోపల పని జరుగుతూనే ఉంటుంది.

ఇక్కడ ఒక తేడా గమనించండి. ఆ ఖాళీ చేను బీడు కాదు. బీడంటే పట్టించుకోకుండా వదిలేసిన నేల. దానిలో గరిక, తుంగ అల్లుకుంటాయి, ముళ్ళ కంప లేస్తుంది. విరామమిచ్చిన చేను అట్లా కాదు. వాన పడి పదును ఆరినప్పుడల్లా రైతు గుంటక తోలేవాడు. కలుపు పోయేది, పైమట్టి గుల్లబారి తేమ ఆవిరి కాకుండా నిలిచేది. బీడులోనూ పంట లేదు, విరామమిచ్చిన చేనులోనూ పంట లేదు. కాని రెండు నెలల తర్వాత విత్తడానికి పనికివచ్చేది ఏది? మనిషి తీసుకునే విశ్రాంతికీ, సోమరితనానికీ ఉన్న తేడా అంతే. చూడటానికి రెండూ ఒకటే. తర్వాత ఏం పండుతుందో చూస్తే తెలుస్తుంది.

ఇంకొక సంగతి కూడా ఉంది. ఏమీ అడ్డం లేని ఖాళీ చేనులో పెద్దవాన పడితే నీరు నిలవదు సరికదా, పైమట్టిని కూడా తీసుకుపోతుంది. ఈ రేగడి నేలల్లో మట్టి కోతను ఆపడం ఎట్లాగో పరిశోధించడానికే 1954లో బళ్ళారిలో భూసంరక్షణ పరిశోధనా కేంద్రం పెట్టారు. గట్లు వెయ్యండి, వాలుకు అడ్డంగా సేద్యం చెయ్యండి అనేది భూసంరక్షణలో మొదటి పాఠం. అంటే విరామానికి కూడా గట్టు కావాలి. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరకే వస్తాం.

మన పల్లెల్లో విశ్రాంతి ఒకప్పుడు ఎవరి ఇష్టానికీ వదిలిపెట్టిన విషయం కాదు. అది కట్టుబాటు. చాలా ఊళ్ళల్లో సోమవారం ఎద్దుల మెడ మీద కాడి పెట్టేవాళ్ళు కాదు, అది బసవన్న రోజు. అమావాస్యనాడు మడక కట్టేవాళ్ళు కాదు. జ్యేష్ఠ పున్నమినాడు మనం ఏరువాక అంటాం, కన్నడంవాళ్ళు కారహుణ్ణిమె అంటారు. భాష ఏదైనా ఆ రోజు ఎద్దులను కడిగి, కొమ్ములకు రంగులు పూసి, ఊరేగించడమే. సేద్యం ముమ్మరంగా సాగవలసిన కాలంలోనే ఆ పండుగ వస్తుంది చూడండి. పని లేనప్పుడు విశ్రాంతి తీసుకోవడం గొప్ప కాదు. పని ఉన్నప్పుడే దానికొక చోటు కేటాయించాలని మన పెద్దలకు తెలుసు.

ఎద్దుకు సోమవారం సెలవిస్తే దాని వెనక నడిచే మనిషికి కూడా సెలవు దొరికేది. ఇప్పుడు ట్రాక్టరు వచ్చింది. దానికి సోమవారం లేదు, అమావాస్య లేదు. గంటకింత బాడుగ. దానివల్ల కష్టం తగ్గింది, కాదనలేం. కాని ఎద్దుతో పాటు ఆ కట్టుబాటు కూడా మెల్లగా పోయింది. దాని స్థానంలో మనం కొత్తది పెట్టుకోలేదు. ఇదివరకు ఊరు మనకోసం ఆపే పనిని ఇప్పుడు ఎవరికి వారే ఆపుకోవలసి వస్తున్నది.

పట్నాల్లో ఈ సంగతి ముందే తెలిసివచ్చింది. బొంబాయి బట్టల మిల్లుల్లో కార్మికులకు వారంలో ఒక్క రోజు కూడా సెలవు లేని కాలం ఉండేది. నారాయణ్ మేఘాజీ లోఖండే అనే కార్మిక నాయకుడు ఏళ్ళ తరబడి పోరాడిన తర్వాత 1890లో వాళ్ళకు ఆదివారం సెలవు దొరికింది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం ఇంకా ముందుకు వెళ్ళి, వరుసగా అయిదు గంటలకు మించి పని చేయించకూడదు, మధ్యలో కనీసం అరగంట విరామం ఇవ్వాలి అని రాసింది. ఈనాడు మనం తేలికగా తీసుకునే ఆదివారం ఎవరో అడిగి, పోరాడి తెచ్చిపెట్టినది.

సరే, విశ్రాంతి దొరికింది. ఆ సమయంలో ఏం చెయ్యాలి? దీనికి మన బళ్ళారి పట్టణంలోనే మంచి ఉదాహరణ ఉంది. ధర్మవరం రామకృష్ణమాచార్యులు, కోలాచలం శ్రీనివాసరావు, ఇద్దరూ ఇక్కడ వకీలు వృత్తిలో ఉన్నవాళ్ళే. కోర్టు పని, కక్షిదారుల గొడవ వాళ్ళకూ తక్కువ లేదు. అయినా ఆచార్యులవారు 1886లో సరసవినోదిని సభను స్థాపించి నాటకాలు రాశారు, ఆడించారు. శ్రీనివాసరావుగారు సుమనోరమ సభను నడిపి చారిత్రక నాటకాలకు దారి వేశారు. ఆచార్యులవారి మేనల్లుడే బళ్ళారి రాఘవ. 1880 నుంచి 1946 వరకు జీవించిన రాఘవ కూడా న్యాయవాదే. నాటకాన్ని ఆయన పొట్టకూటికి వాడుకోలేదు. కాని రంగస్థలం మీద పద్యాన్ని రాగం తీసి సాగదీయడం కంటే పాత్ర మనసు చూపించడం ముఖ్యమని పట్టుబట్టి, ఆంధ్రదేశమంతా తన వైపు చూసేటట్టు చేశాడు.

వీళ్ళ పేర్లు నేను ఎందుకు చెబుతున్నానంటే, ఒక పని నుంచి ఇంకొక ఇష్టమైన పనికి మారడం కూడా విశ్రాంతే అని చూపించడానికి. పగలంతా దస్తావేజులు చదివిన బుద్ధికి సాయంత్రం నాటకం సేద తీర్చింది. ఆ సేదలోనే మనిషి ఎదిగాడు. మీరందరూ నాటకాలు ఆడనక్కరలేదు. భజన నేర్చుకోవచ్చు. ఇంటి ముందు నాలుగు చెట్లు పెంచవచ్చు. మన ఇళ్ళల్లో తెలుగు మాట్లాడే పిల్లలు చాలామంది బడిలో కన్నడం చదువుతారు. వాళ్ళ దగ్గర కూర్చుని మీరు కన్నడం అక్షరాలు నేర్చుకోండి, వాళ్ళకు తెలుగు అక్షరాలు నేర్పండి. రోజుకు పావుగంట చాలు. ఆరు నెలలకు ఇద్దరికీ ఇంకొక లిపి వస్తుంది.

అయితే ఇక్కడొక హెచ్చరిక. మనసుకు మార్పు చాలు, శరీరానికి చాలదు. దానికి నిద్ర కావాలి. పెద్దవాళ్ళకు రోజుకు కనీసం ఏడు గంటలు, హైస్కూలు పిల్లలకు ఎనిమిది నుంచి పది గంటలు అవసరమని వైద్యులు చెబుతున్నారు. పరీక్షలప్పుడు రాత్రంతా మేలుకుని చదివే పిల్లవాడిని చూసి మనం మెచ్చుకుంటాం. కాని చదివినది మెదడులో కుదురుకునేది నిద్రలోనే. తోరణగల్లు వంటి చోట్ల కర్మాగారాల్లో రాత్రి షిఫ్టు చేసి వచ్చేవాళ్ళకు పగటి నిద్రే నిద్ర. గదిలో చీకటి చెయ్యండి, ఆ వేళకు ఫోను మోగనివ్వకండి. ఇంట్లోవాళ్ళు కూడా పగలు పడుకున్నాడని తప్పు పట్టకూడదు.

ఇప్పుడు గట్టు సంగతికి వద్దాం. విశ్రాంతికి మొదలు, చివర రెండూ ముందే అనుకోవాలి. భోజనమయ్యాక అరగంట నడుము వాలుస్తాను, తర్వాత లేచి చేను వైపు వెళతాను అనుకున్నవాడికి అది విశ్రాంతి. ఊరికే ఫోను చేతిలోకి తీసుకుని, ఒక బొమ్మ తర్వాత ఇంకొక బొమ్మ చూస్తూ రెండు గంటలు పోగొట్టుకుని, లేచేటప్పటికి తల బరువెక్కినవాడికి అది విశ్రాంతి కాదు. అది గట్టు లేని చేను. నీళ్ళూ పోయాయి, మట్టీ పోయింది.

మంచి అలవాట్లకు కూడా ఇదే లెక్క. తెల్లవారుజామున నడక మొదలుపెట్టినవాళ్ళు మొదటి వారం నాలుగు మైళ్ళు నడిచి, రెండో వారం కాళ్ళ నొప్పులని మానేస్తారు. అట్లా కాకుండా రోజూ ఒక మైలు, వారానికి ఆరు రోజులు, ఏడో రోజు విరామం అని పెట్టుకోండి. ఆ ఏడో రోజు మానేసిన రోజు కాదు. అది లెక్కలో ఉన్న రోజు. అందువల్ల మనసుకు తప్పు చేశామనే బాధ ఉండదు, ఎనిమిదో రోజు మళ్ళీ బయలుదేరడం తేలికవుతుంది. అనుకోకుండా ఒక రోజు తప్పిపోయినా మరుసటి రోజు మొదలుపెట్టండి. రెండు రోజుల నడక ఒకేరోజు నడవబోకండి.

ఆపకుండా సాగే దేనికైనా ఒకనాడు ఇబ్బంది వస్తుంది. మనందరికీ నీళ్ళిచ్చే తుంగభద్ర ఆనకట్ట 1953లో పూర్తయింది. 2024 ఆగస్టు 10 రాత్రి దాని 33 గేట్లలో 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయింది. మూడు రాష్ట్రాల రైతులు ఆ వారం ఎట్లా గడిపారో మీకు గుర్తుండే ఉంటుంది. ఇంజనీర్లు, పనివాళ్ళు ప్రాణాలకు తెగించి, పారే నీళ్ళలోనే తాత్కాలికమైన అడ్డు నిలబెట్టారు. తర్వాత నిపుణులు పరిశీలించి పాత గేట్లన్నీ మార్చడం మంచిదన్నారు. ఆ పని చెయ్యాలంటే నీటిమట్టం తగ్గాలి. మనిషి ఒంటికి కూడా అంతే. ఆపి చూసుకుంటేనే ఎక్కడ తుప్పు పట్టిందో కనిపిస్తుంది.

చివరగా, అన్నిటికంటే ముఖ్యమైన మాట. మనం తీసుకునే విశ్రాంతి ఇంకొకరి మీద పడుతున్నదా అని ఒకసారి చూసుకోవాలి. బళ్ళారి జీన్స్ ప్యాంట్లు దేశంలో చాలాచోట్లకు వెళతాయి. వాటిని కుట్టే ఆడవాళ్ళు ఎంతోమందికి కూలి రోజు లెక్కన కాదు, ప్యాంటు లెక్కన. మిషను ఆగితే కూలి ఆగుతుంది. అటువంటి తల్లికి వారానికి ఒక రోజు సెలవు తీసుకోమ్మా అని రేడియోలో చెప్పడం సులభం. ఆ రోజు ఇంటి ఖర్చు ఎవరిస్తారు? కనుక ఆమెకు చెప్పదగినది ఇంతే. గంటకొకసారి లేచి, అయిదు నిమిషాలు నడుము సాచి, సూది మీద నుంచి చూపు తిప్పి, వాకిట్లోకి వచ్చి దూరంగా చూడమ్మా. మిగిలినది ఇంట్లో ఉన్న మగవాళ్ళకు చెప్పవలసిన మాట. ఆదివారం మీకు సెలవు. ఆమెకు ఆ రోజు ఇంకొక కూర, పిల్లల తలంట్లు, నలుగురి బట్టలు ఎక్కువ. ఆ పూట నీళ్ళు మీరు పట్టండి. బియ్యం మీరు ఏరండి. పిల్లలను మీరు చూసుకోండి. ఆమె ఒక గంట ఎవరూ పిలవకుండా పడుకుంటే ఆ ఇంట్లో విశ్రాంతి ఉన్నట్టు. లేకపోతే ఒకరి బరువు ఇంకొకరి నెత్తికి మారినట్టే.

అందుచేత శ్రోతలారా, ఈ వారం మీ ఇంట్లో ఒక చిన్న పని చెయ్యండి. గోడ మీద క్యాలెండరులో అమావాస్య, పున్నమి, శుభకార్యాలు గుర్తుపెట్టుకుంటాం కదా. దాని పక్కనే ఇంట్లో ఒక్కొక్కరికి విశ్రాంతి వేళ ఏదో రాసిపెట్టండి. మొదటి పేరు ఇంటి ఇల్లాలిది రాయండి. రాసింది జరుగుతున్నదో లేదో నెలాఖరున అందరూ కూర్చుని చూసుకోండి.