డబ్బు పాటల్లో మన వాటా

పోపులడబ్బా అడుగున దాచుకున్న చిల్లర గలగల మీకందరికీ తెలిసినదే కదా! ఆ గలగలనే పాటకు తాళంగా వాడుకున్నవారున్నారంటే నమ్ముతారా? ఇంగ్లండులో పింక్ ఫ్లాయిడ్ అనే రాక్ బృందం 1973లో విడుదల చేసిన ‘ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్’ ఆల్బంలో ‘మనీ’ అనే పాట ఉన్నది. నాణేల చప్పుడుతోనూ, గల్లాపెట్టె యంత్రం చప్పుడుతోనూ అది మొదలవుతుంది. పాట వ్రాసిన రోజర్ వాటర్స్ భార్య అప్పట్లో మట్టిపాత్రలు చేసేవారు. ఆమె మట్టి కలుపుకునే పెద్ద గిన్నెలో చిల్లర విసిరి ఆ శబ్దాన్ని రికార్డు చేశారు. చూశారా, ఆడవారి గిన్నె లేనిదే డబ్బు పాట మొదలు కాలేదు!

ఈ సంగతి తెలిసిన దగ్గరనుంచీ, పేరులో డబ్బున్న పాటలూ నాటకాలూ ఎక్కడ కనిపించినా అందులో ఆడవారి కష్టమెంత, వాటా ఎంత అని వెతకడం నాకు అలవాటైపోయింది.

1928లో బెర్లిన్ నగరంలో ‘త్రీపెన్నీ ఆపెరా’ అనే సంగీత నాటకం ఆడారు. మూడు కాసుల నాటకమన్నమాట. దానికి మూలం 200 ఏళ్లనాటి ఇంగ్లీషు నాటకం. దానిని జర్మను భాషలోకి తెచ్చినది ఎలిజబెత్ హౌప్ట్‌మన్. లోకమెరిగిన పేర్లు మాత్రం రచయిత బ్రెఖ్ట్‌ది, సంగీతం కూర్చిన కుర్ట్ వైల్‌ది. రాబడిలో నూటికి బ్రెఖ్ట్ వాటా అరవై రెండున్నర, వైల్ వాటా పాతిక. ఆమెకు మిగిలినది పన్నెండున్నర!

అమెరికాలో ఇంకొక సంగతి జరిగింది. డెట్రాయిట్‌లో బెర్రీ గోర్డీ అనే ఆయన ఇంట్లోవారి దగ్గర 800 డాలర్లు అప్పు తీసుకుని 1959లో రికార్డుల కంపెనీ పెట్టారు. మోటౌన్ అని పేరు పొందినది అదే. ఆ ఏడే బారెట్ స్ట్రాంగ్ పాడిన ‘మనీ’ ఆ కంపెనీకి తొలి విజయాలలో ఒకటి. దాని రచనలో గోర్డీ పేరు పక్కన జేనీ బ్రాడ్‌ఫర్డ్ అనే యువతి పేరు కూడా వేశారు. 1963లో బీటిల్స్ మళ్లీ పాడినప్పుడూ ఆ పేరు పోలేదు. కాగితం మీద పేరుండటంలో ఎంత బలముందో గమనించండి.

1976లో స్వీడన్ బృందం అబ్బా ‘మనీ, మనీ, మనీ’ పాడింది. పగలూ రాత్రీ పనిచేసినా చేతిలో ఏమీ మిగలని ఒక ఆడమనిషి గోడు అది. ధనవంతుడు దొరికితే బాగుండునని ఆమె కల. 1999లో లండనులో ‘మమ్మా మియా’ నాటకంలో అదే పాటను హోటలు నడుపుకుంటూ ఒంటరిగా కూతుర్ని పెంచిన తల్లికి ఇచ్చారు. ఆ నాటకం వ్రాసినదీ, నిర్మించినదీ, దర్శకత్వం వహించినదీ ముగ్గురు స్త్రీలే!

1983లో డోనా సమ్మర్ పాట ‘షి వర్క్స్ హార్డ్ ఫర్ ది మనీ’ వచ్చింది. ఒక హోటలు స్నానాల గదిలో పనిచేసే ఆవిడ అలసి కునుకు తీస్తుండగా చూసి, ఆమె మీద కట్టిన పాట అది. ఆల్బం అట్ట మీద ఆమెను కూడా తన పక్కన నిలబెట్టి ఫోటో వేయించారు ఆ గాయని.

దొరల దేశపు పాటలు మనకెందుకంటారా? మా అత్తయ్యగారు ఇరవై ఏళ్లు వీధి వీధంతటికీ ఆవకాయ పెట్టి ఇచ్చారు. నూనె ఖరీదైనా అడగలేదు. మొగమాటం! నేనూ జాకెట్లు కుట్టి, “డబ్బెందుకులెండి వదినగారూ” అన్నదాన్నే. ఒకసారి కూతురి ఫీజుకు చేయి చాపవలసి వచ్చినప్పుడు, ఆ మాట ఖరీదెంతో తెలిసివచ్చింది. ఇప్పుడు మెషీను పక్కన చిన్న పుస్తకం పెట్టుకుని పేరూ, రేటూ వ్రాస్తున్నాను. ఎవరూ అలగలేదు సుమండీ!

మీరూ ఒక పుస్తకం తెరవండి. మొదటి పేజీలో మీ పేరే వ్రాసుకోండి. సెలవు.