టేకు కొయ్యయు, డేనుల భోజనపు బల్లయు



జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతముల పెద్దలకు టేకును గూర్చి నేను చెప్పబూనుట తాతకు దగ్గులు నేర్పుట వంటిది. ఆ మ్రాని చేవలో సహజమైన నూనె గలదనియు, అందుచే చెదలు దానిని తేలికగా ముట్టవనియు మీరెరుగుదురు. కావున, టేకు మొలవని దేశమువారు ఆ కొయ్యతో నేమి చేసిరో నేడు విన్నవింతును.

ఐరోపాఖండమున ఉత్తరముగా డెన్మార్కు అను చిన్న రాజ్యము గలదు. అచట బీచి, ఓకు వృక్షములు పెరుగును గాని టేకు పెరుగదు. కోపెన్‌హాగెను నగరమున 1897లో స్థాపితమైన ఈస్టు ఏషియాటిక్ కంపెనీ సయాము దేశపు టేకుతో వ్యాపారము చేసెను. రెండవ ప్రపంచయుద్ధానంతరము అచటి వడ్రంగులు ఆ కొయ్యతో భోజనపు బల్లలును కుర్చీలును చేసి లోకమున పేరుగాంచిరి.

వారి పనిలోని మర్మములు మూడు. మొదటిది, కొయ్యను దాచకుండుట. నగిషీలు చెక్కక, రంగు పూయక, నూనె రుద్ది చారలు కనబడనిచ్చిరి. రెండవది పొదుపు. పెక్కు బల్లల పైభాగమున పలుచని టేకు పొరనే అతికించిరి. చుట్టములు వచ్చిననాడు పలకలు లాగి బల్లను పొడవు చేసికొను ఏర్పాటును గావించిరి. మూడవది అతుకు. ఒక కొయ్య కొనను సన్నగా చెక్కి, రెండవదాని రంధ్రమున బిగించిరి. వదులైనచో విప్పి మరల బిగింపవచ్చును.

ఈ పనికి రూపకల్పన చేసినవారు చేతిపని ఎరిగినవారు. 1914లో జన్మించిన హాన్సు వెగ్నరు చెప్పులు కుట్టువాని కుమారుడు. బాల్యముననే వడ్రంగము నేర్చెను. ఆయన 1949లో రూపొందించిన కుర్చీలను 1960లో అమెరికా అధ్యక్షపదవికి పోటీపడిన కెనెడీ, నిక్సనుల వాదసభలో నుంచిరి. బోర్గె మోగెన్సెను సహకార సంఘముకొరకు 1947లో సామాన్యుల కుర్చీ నొకదానిని కల్పించెను. దాని ఆసనము, మన నులకమంచమువలె, త్రాటితో అల్లినది. ఆ త్రాడు మాత్రము కాగితముతో పేనినది.

కోపెన్‌హాగెను వడ్రంగులు 1927 మొదలు ఏటేట జరిపిన ప్రదర్శనము 1966తో ముగిసెను. యంత్రముల చౌకసరకు ముందు చేతిపని నిలువలేదు. అయినను ఆనాటి బల్లలు నేటికిని బాగుచేయబడి, గొప్ప వెలకు అమ్ముడుపోవుచున్నవి.

“మేము పీటపై కూర్చుండి భుజింతుము, మాకీ బల్లల గొడవ యేల?” అని మీరడుగవచ్చును. బల్ల మాట అటుండనిండు. మన పాత యిండ్లు పడగొట్టునపుడు దూలములు, ద్వారబంధములు తూకమునకు పోవుచున్నవి. వాని స్థానమున రంపపుపొట్టు నొత్తి చేసిన పలకల సామాను వచ్చుచున్నది. వాన తడి తగిలిన నది ఉబ్బును. ఉబ్బిన దానిని ఏ వడ్రంగియు బాగుచేయలేడు. పని లేక వడ్రంగి ఊరు విడుచును. అతని కుమారుడు ఉలి ముట్టడు.

పెద్ద దూలమునకు తగిన టేకు ఎదుగుటకు 50 ఏండ్లకు పైగా పట్టును. 2002 నాటి వాల్టా చట్టము చొప్పున సొంత పొలములోని చెట్టునైనను అనుమతి లేక కొట్టరాదు. కావున ఇంట నున్న పాత కొయ్యయే మన ధనము. దాని నమ్మకముందు ఊరి వడ్రంగిని పిలిచి చూపుడు. అందు పెండ్లిపీటయో, మంచమో, మనుమల చదువుబల్లయో అతనికి కనబడును. చేవగల కొయ్యయు, చేయగల చేయియు ఒక్కమారు ఊరు దాటినచో మరల రప్పించుట కష్టము. ఇదియే నా మనవి.