క్రొత్త కృతికి శ్రోత లెక్కడ?



సంఘ వార్షికసభలో విద్యానిధిని గూర్చియు, విద్యార్థి వసతిగృహమును గూర్చియు ముచ్చటించుట వాడుక. ఈ యేడు కార్యదర్శిగారు మాకు సంగీతమును విషయముగా నొసగిరి. మేము గాయకులము కాము. 35 సంవత్సరములు బడిపిల్లలచే శబ్దములు వల్లె వేయించినవారము. అయినను వినుటయందు మాకు ప్రీతి మెండు.

నేటి వాగ్గేయకారుల కృతులు వినుటకు తావు నానాటికి తగ్గిపోవుచున్నది. త్యాగరాజస్వామి (1767–1847) కృతులు వలదని మే మనము. కాని యవియు నొకనాడు క్రొత్తవే కదా! శిష్యులు నేర్చి, ఊరూర పాడబట్టి నిలిచినవి. స్వామివారి శిష్యులు మానాంబుచావడి వేంకటసుబ్బయ్యగారు. వారి శిష్యులు సుసర్ల దక్షిణామూర్తిశాస్త్రిగారు. వారి శిష్యులు పారుపల్లి రామకృష్ణయ్యపంతులుగారు. వారి శిష్యులు మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు (1930–2016). త్యాగరాజకృతిని కృష్ణాతీరమున నిలిపిన పరంపర యిది. బాలమురళీకృష్ణగారు 72 మేళకర్తలలోను కృతులు రచించిరి. వారి తిల్లానాలు కచేరి చివర వినబడుచునే యున్నవి. ఆ 72 కృతులలో మీ రెన్ని వింటిరి? మేము పదింటికి మించి వినలేదు; అందును రెండుమూడు తప్ప తక్కినవి ధ్వనిముద్రికలలోనే. అంతటివారి కృతులకే యిట్లుండ, చిన్న పట్టణమున వీణ చెప్పుకొనుచు, తాము కట్టిన వర్ణమును తమ శిష్యులచేతనే పాడించుకొను మాస్టరుగారి మాట యేమి?

కారణములకై దూరము పోనక్కరలేదు. నాలుగు గంటల కచేరి రెండు గంటలకు కుదించుకొన్నది. ఆ రెండు గంటలలో గాయకుడు సభ యెరిగినదియే పాడును, అతనిని తప్పుపట్టలేము. ఇంటికి రేడియో యొక్కటే యున్న దినములలో ఏది వచ్చిన నది వింటిమి. ఎరుగని కృతియు చెవిని బడెడిది. ఇప్పుడు ఫోనున నెవరికి దెలిసినది వారు వెదకికొనుచున్నారు. తెలియనిదానిని వెదకు టెట్లు?

మాళవికాగ్నిమిత్ర ప్రస్తావనలో, భాసాదులుండగా వర్తమానకవి నాటక మేల యని పారిపార్శ్వికు డడుగును. సభ యా యాక్షేపణకు లొంగియుండిన, మేము బడిలో చెప్పుటకు శాకుంతలము మిగిలెడిది కాదేమో! (పెండ్లిలో సన్నాయి విద్వాంసునకు సినిమాపాట వాయింపుమని చీటీ పంపువారమును మనమే.)

దాతలకు మా విన్నపము: మన మహాసభ సాయంకాలపు కచేరిలో అరగంట జీవించియున్న వాగ్గేయకారుల కృతులకు విడువుడు. గాయకునకు మూడు మాసములు ముందుగా తెలుపుడు. నేర్చుకొను శ్రమకు వేరుగా పారితోషిక మొసగుడు. సాహిత్యమును స్వరముతో సంచికలో నచ్చువేయింపుడు. వచ్చు నేడును ఆ కృతులనే మరల పాడింపుడు. ఒక్కమారు విన్నది చెవిలో నిలువదు. మొదటి పారితోషికమునకై మా వంతుగా నొక నెల పింఛను కార్యదర్శిగారికి నిన్ననే యప్పగించితిమి.