సోమవారం మాట్లాడుకుందాం
(స్వర్ణోత్సవాల రెండో రోజు ఉదయం సభలో ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)



"వాలీబాల్ ఆడినవాడివి కదా, ఆటల గురించి నాలుగు మాటలు చెప్పు" అని కార్యదర్శి గారు నన్ను పిలిచారు. నాది 1989-90 పదో తరగతి బ్యాచ్. ఆడిన మాట నిజమే కానీ జోనల్ పోటీలు దాటి పోలేదు. కాబట్టి ఇవాళ ఆటగాడిగా మాట్లాడను. ఆడే పిల్లకు తండ్రిగా మాట్లాడతాను. అందులోనూ కొన్నాళ్లు తప్పు చేసిన తండ్రిగా.

మా బ్యాచ్ వాళ్లకు తెనాలిలో ఆడిన జోనల్ ఫైనల్ గుర్తుండే ఉంటుంది. ఆఖరి సెట్టులో 14-12 మీద ఉన్నాం. సర్వీసు నాది. బంతి నెట్టుకు కొట్టాను. అక్కణ్ణుంచి ఆట చెయ్యి జారిపోయింది. సాయంత్రం రేపల్లె ప్యాసింజర్లో ఎవరూ నోరు మెదపలేదు. మన డ్రిల్లు మాస్టారు వేరుశనగకాయలు కొని పొట్లాలు పంచారు. నేను ఉండబట్టలేక "సార్, నా సర్వీసు..." అన్నాను. "సోమవారం మాట్లాడుకుందాంలేరా, ముందు తిను" అన్నారు.

సోమవారం ప్రేయర్ అయ్యాక గ్రౌండుకు తీసుకెళ్లారు. బంతిని నేను మరీ ముందుకు ఎగరేస్తున్నానని చూపించి, అరగంట సర్వీసు చేయించారు. ఫైనల్ మాట ఎత్తలేదు. మాస్టారు ఇక్కడే ముందు వరుసలో ఉన్నారు. నిన్న అడిగితే, "నాకు గుర్తు లేదురా, ఎన్ని జట్లు ఓడిపోయి రాలేదు!" అన్నారు. ఆయన మరిచిపోయారు. నేను కూడా మరిచిపోయాను. అదే నా తప్పు.

మా అమ్మాయి విజయవాడలో 9 ఏళ్లప్పుడు బ్యాడ్మింటన్ మొదలుపెట్టింది. చురుకైన పిల్ల. నాకు ఆశ పుట్టింది. నేను దాటలేని జోనల్ నా కూతురు దాటాలన్న ఆశ. పొద్దున్నే 5 గంటలకు లేపేవాణ్ణి. ఆమె ఆడుతుంటే గోడ పక్కన నిలబడి "నెట్టు దగ్గరికి రా, వెనక్కి వెళ్లు" అని అరిచేవాణ్ణి. కోచ్ ఒకటి చెబితే నేను ఇంకొకటి చెప్పేవాణ్ణి.

ఒకసారి గుంటూరులో అండర్-13 పోటీలు. మూడో గేమ్‌లో 19-17తో ముందుండి, 19-21తో ఓడిపోయింది. బండి మీద తిరిగి వస్తూ దారంతా ఆ నాలుగు పాయింట్ల గురించే మాట్లాడాను. "రాకెట్‌కి ఎంత పెట్టానో తెలుసా? ఆ పిల్ల నీకంటే ఏడాది చిన్నది" అని కూడా అన్నాను. వెనక నుంచి ఒక్క మాట రాలేదు. శ్రద్ధగా వింటోంది అనుకున్నాను.

తర్వాత ప్రతి పోటీకి ముందు రోజు రాత్రి కడుపునొప్పి మొదలైంది. డాక్టరు పరీక్షలన్నీ చేసి ఏమీ లేదన్నారు. ఆ నొప్పి పోటీలున్న వారమే వస్తోందని మొదట గమనించింది మా ఆవిడ. ఒక రోజు అమ్మాయి వాళ్లమ్మతో అందట: "అమ్మా, పోటీకి నాన్న బండి మీద వెళ్తాను. తిరిగొచ్చేటప్పుడు మాత్రం బస్సులో వస్తాను."

ఆ మాట నాకు చేరాక రెండు రోజులు అన్నం సయించలేదు. పిల్ల ఓటమికి భయపడటం లేదు. ఓడాక నాతో ఇంటికి రావడానికి భయపడుతోంది. కొన్నాళ్లకు ఆట మానేసింది. రాకెట్ అటక ఎక్కింది. అప్పుడు గుర్తొచ్చింది నాకు, రేపల్లె ప్యాసింజరు.

ఈ సభలో ఉన్న తల్లిదండ్రులకు, ఉపాధ్యాయులకు నేను చెప్పదలచుకున్నది ఇంతే. పోటీ అన్నాక ఒత్తిడి ఉంటుంది. దాన్ని మనం తీసెయ్యలేం, తీసెయ్యకూడదు కూడా. పిల్లలు ఆటలో నేర్చుకునే వాటిలో ఒత్తిడిని తట్టుకోవడం ఒకటి. కానీ ఆట మోపే బరువు మీద మన బరువు కూడా పెట్టకూడదు.

మన బరువు ఎలా పడుతుందో చూడండి. తిట్టడం ఒక్కటే కాదు. "నువ్వు తప్పకుండా గెలుస్తావు, నాకు తెలుసు" అనడం కూడా బరువే. ఓడితే నాన్న నమ్మకం వమ్మయిందని పిల్ల అనుకుంటుంది. ఖర్చు లెక్క పిల్లల ముందు చెప్పడం బరువే. స్పోర్ట్స్ కోటాలో సీటు వస్తుందని చుట్టాల ముందు చెప్పుకోవడం బరువే. కొందరు పుట్టిన తేదీ మార్చి చిన్న వయసు పోటీల్లో ఆడిస్తున్నారు. ఆ పిల్లవాడు గెలిచిన ప్రతిసారీ ఒక అబద్ధాన్ని మోస్తాడు. అవతల ఓడిన పిల్లవాడు తనలో లేని లోపం కోసం వెతుక్కుంటాడు.

వయసు మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి. స్కూల్ గేమ్స్‌లో అండర్-14, అండర్-17, అండర్-19 అని విభాగాలున్నాయి. ఒకే అండర్-14లో మీసం మొలుస్తున్న పిల్లవాడూ ఉంటాడు, ఇంకా గొంతు మారని పిల్లవాడూ ఉంటాడు. ఒకరు 12 ఏళ్లకే ఎదుగుతారు, ఇంకొకరు 16కి. ఇవాళ్టి స్కోరులో ఆట ఎంతో, ఎత్తు ఎంతో విడదీసి చెప్పడం కష్టం. 13 ఏళ్ల ఓటమి చూసి పిల్ల భవిష్యత్తు తేల్చేస్తే మనమే తప్పులో కాలేస్తాం.

నార్వే దేశంలో ఈ సంగతి గ్రహించి 1987లోనే పిల్లల క్రీడలకు నిబంధనలు పెట్టుకున్నారు. 2007లో సవరించుకున్నారు. 11 ఏళ్లు వచ్చేదాకా ర్యాంకుల పట్టికలు వెయ్యరు. 13 ఏళ్లలోపు వాళ్లకు జాతీయ చాంపియన్‌షిప్‌లు లేవు. ఆ దేశ జనాభా మన హైదరాబాదు జనాభా కంటే తక్కువ. 2022 బీజింగ్ శీతాకాల ఒలింపిక్స్‌లో 16 స్వర్ణాలతో మొదటి స్థానంలో నిలిచింది. ఆ నిబంధనల వల్లే గెలిచారని నేననను. మంచు దేశం, అలవాటైన ఆటలు. కానీ చిన్నప్పుడు పిల్లల్ని తరమకపోతే పెద్దయ్యాక గెలవలేరన్న మన భయం నిజం కాదని తేలింది కదా.

మన దగ్గరే చూద్దాం. పి.వి. సింధు తల్లిదండ్రులిద్దరూ వాలీబాల్ క్రీడాకారులు. తండ్రి రమణ గారు 1986 సియోల్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన భారత జట్టు సభ్యుడు. ఆ ఇంట్లో పిల్ల బ్యాడ్మింటన్ పట్టుకుంది, పట్టుకోనిచ్చారు. 2016 రియో ఫైనల్లో ఓడింది. 2017, 2018 ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్స్‌లో ఓడింది. ఫైనల్ అంటే భయమని బయట ఎందరో అన్నారు. 2019లో బాసెల్‌లో ఒకుహరాను 21-7, 21-7తో ఓడించి ప్రపంచ చాంపియన్ అయ్యింది. అంత పెద్ద క్రీడాకారిణికే అన్ని ఫైనల్స్ పట్టాయి. మన పిల్లలకు మనం ఎన్ని ఆదివారాలు ఇస్తున్నాం?

ఇక మా ఇంట్లో పెట్టుకున్న నియమాలు చెబుతాను. శాస్త్రం కాదు, అనుభవం.

పోటీకి ముందు "బాగా ఆడు, హాయిగా ఆడు" అంతే. సలహాలు కోచ్ పని.

ఆట జరుగుతున్నప్పుడు చప్పట్లు కొట్టవచ్చు, అవతలి పిల్ల మంచి షాట్ కొట్టినా సరే. అరవకూడదు. పిల్ల పాయింటు పోగానే మన ముఖం వైపు చూస్తోందంటే, లోపం మన ముఖంలో ఉంది.

ఆట అయ్యాక "ఆకలేస్తోందా?" అని అడగాలి. గెలిచినా ఓడినా ఆ రోజు తినేది ఒకటే ఉండాలి. గెలిస్తే బిర్యానీ, ఓడితే మౌనం అయితే పిల్లలు ఇట్టే పసిగడతారు. ఆట గురించి తనే ఎత్తితే వినాలి. ఎత్తకపోతే సోమవారం.

క్రమశిక్షణ విడిచిపెట్టమని కాదు. ప్రాక్టీసుకు వేళకు వెళ్లడం, అంపైరును గౌరవించడం, తన సామాను తనే సర్దుకోవడం, ఇవి గట్టిగానే అడగాలి. ఇవి పిల్లల చేతిలో ఉన్నవి. గెలుపు వాళ్ల ఒక్కరి చేతిలో లేదు.

"మానేస్తాను" అంటే ఓడిన రోజున ఏమీ తేల్చకండి. ఆ సీజను పూర్తయ్యాక ప్రశాంతంగా అడగండి. అయితే ఒళ్లు నొప్పి అన్నా, కోచ్ కొడుతున్నాడన్నా, ఎవరి ప్రవర్తన అయినా బాగాలేదన్నా సోమవారం దాకా ఆగకూడదు. ఆ క్షణమే వినాలి, ఆ క్షణమే కదలాలి.

మా అమ్మాయి ఏడాదిన్నర తర్వాత తనంతట తనే రాకెట్ దించింది. నేను పిలవలేదు. ఇప్పుడు ఇంజనీరింగ్ మూడో సంవత్సరం, కాలేజీ జట్టులో ఆడుతోంది. యూనివర్సిటీ జట్టుకు ఎంపిక కాలేదు. ఆ ఏడాదిన్నర పోకపోయి ఉంటే అయ్యేదేమో నాకు తెలియదు. పోయినసారి ఓడి వచ్చి, ఫోన్లో అరగంట ఆట మొత్తం తనే చెప్పుకొచ్చింది. నేను విన్నాను. నాకు అంతకంటే కప్పు అక్కర్లేదు.

చివరగా ఒక విన్నపం. స్వర్ణోత్సవ నిధి నుంచి ఏటా అండర్-14 విజేతలకు నగదు బహుమతి ఇవ్వాలని సంఘం ఆలోచిస్తోంది. ఉద్దేశం మంచిదే. కానీ ఆ డబ్బుతో ఈ బడికి రెండు నెట్లు, ఏడాదికి సరిపడా బంతులు, బూట్లు లేని పిల్లలకు బూట్లు, పోటీలకు వెళ్లే జట్లన్నిటికీ రానుపోను ఛార్జీలు ఇద్దాం. ఆఖరి సర్వీసు నెట్టుకు కొట్టినవాడికి కూడా అందులో వాటా ఉంటుంది.

తిరుగు ప్రయాణంలో వేరుశనగకాయల ఖర్చు మాత్రం నాది. మాస్టారూ, ఇన్నాళ్లకైనా ఆ బాకీ తీర్చుకోనివ్వండి.

సెలవు.